నూరని సిరా, తడవని రాయి: చైనా రాతబల్ల మీది కళాఖండాలు

చైనా పండితుల గదిలో నాలుగు నిధులుగా పేరుపడ్డవి కుంచె, సిరా, కాగితం, సిరా నూరుకునే రాయి. క్రీ.శ. 986లో సూ ఈజియాన్ అనే సోంగ్ రాజవంశ (960–1279) కాలపు అధికారి ఒక్కోదానికి ఒక్కో భాగం కేటాయించి, ఈ నాలుగింటి మీదే ఏకంగా ఒక గ్రంథం రాశాడు. అంటే వెయ్యేళ్ళ కిందటే ఇవి ఉత్త పనిముట్ల స్థాయి దాటిపోయాయి. ముచ్చటపడి కొనుక్కోవడం, కానుకలుగా ఇచ్చుకోవడం, ఎవరి దగ్గర ఏది ఉందో చెప్పుకుని మురిసిపోవడం అప్పటికే మామూలైపోయింది.

ఇప్పుడు బీజింగ్, తైపే, లండన్, న్యూయార్క్ మ్యూజియంలలో అద్దాల వెనక వీటిని చూసినవాళ్ళకి ఇదంతా అలంకార కళ అనిపించడం సహజం. బంగారు పూత పూసిన సిరా బిళ్ళలు, లక్క చెక్కిన కుంచె కాడలు, జేడ్ రాతిలో మలిచిన నీటి గిన్నెలు కనిపిస్తాయి మరి. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ నాలుగు నిధుల్లో మూడు వాడేకొద్దీ అయిపోయేవే. కుంచె వెంట్రుకలు అరిగి రాలిపోతాయి. సిరా కడ్డీ నూరేకొద్దీ కరిగిపోతుంది. కాగితం రాతలోనో బొమ్మలోనో కలిసిపోతుంది. రాయి ఒక్కటే నిలుస్తుంది. కాబట్టి మనదాకా వచ్చిన పాత సామగ్రిలో చాలా భాగం జనం రోజూ వాడినవి కావు, వాడకుండా దాచినవి. అద్దాల అరను చూసి పండితుడి బల్ల రోజూ ఇలాగే ధగధగలాడుతూ ఉండేదనుకుంటే అసలు కథ అర్థం కాదు. వాడకానికీ అందానికీ మధ్య చైనాలో వందల ఏళ్ళు నడిచిన వాదమే ఈ వస్తువుల్ని ఇలా తీర్చిదిద్దింది.

ఈ వాదం అన్నిటికన్నా తేటగా కనిపించేది సిరాలో. పాత చైనా సిరా ద్రవం కాదు, గట్టి కడ్డీ. రాతి మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి, సాన మీద గంధం తీసినట్టు, కడ్డీని నెమ్మదిగా గుండ్రంగా అరగదీయాలి. దాని తయారీకి కావలసిన ముఖ్య పదార్థాలు మసి, జిగురు. రెసిన్ ఎక్కువున్న దేవదారు జాతి పైన్ కట్టెను పొడవాటి బట్టీల్లో కాలిస్తే వచ్చే మసి ఒక రకం. మంటకు దూరంగా పేరుకున్న మసి సన్నగా ఉంటుంది కాబట్టి దానికి గిరాకీ ఎక్కువ. టుంగ్ గింజల నూనెతో దీపాలు పెట్టి, పైన బోర్లించిన గిన్నెలకు పట్టిన మసి ఇంకో రకం. ఇది నల్లగా నిగనిగలాడుతుంది. ఆ మసిని జంతువుల తోలు నుంచి తీసిన జిగురుతో కలిపి ముద్ద చేసి, సుత్తులతో బాగా దంచుతారు. సువాసన కోసం పచ్చకర్పూరం జాతి కర్పూరం, కస్తూరి చేర్చేవారు. మేలు రకాల్లో బంగారు రేకు కూడా వేసేవారు. తర్వాత ఆ ముద్దను లోపలివైపు బొమ్మ చెక్కిన కొయ్య అచ్చులో పెట్టి నొక్కుతారు. అచ్చు నుంచి తీసిన కడ్డీ వంకర పోకుండా, పగుళ్ళివ్వకుండా నెలల తరబడి నీడన తిప్పుతూ ఆరబెట్టాలి. బంగారు రంగుతో అక్షరాలు దిద్దడం ఆఖరి పని.

ఇంత చేసి, మొదటిసారి నూరగానే ఒక చివర అరగడం మొదలవుతుంది. రాసేకొద్దీ కడ్డీ మీది అక్షరాలు ఒక్కొక్కటిగా మాయమవుతాయి. కవి, చిత్రకారుడు, అధికారి అయిన సూ షి (1037–1101) దగ్గర మంచి సిరాలు పోగుపడి ఉండేవి. వాటిని చూసిన ఒక స్నేహితుడికి బదులుగా రాసిన పద్యంలో ఆయన, మనిషి సిరాను అరగదీయడం లేదు, సిరాయే మనిషిని అరగదీస్తోంది అన్నాడు. ఒక మనిషి జీవితమంతా నూరినా తరగనన్ని కడ్డీలు దాచుకున్నవాడి మాట అది. దాచుకోవడం ఆయన కాలానికే ఎంత ముదిరిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

మింగ్ వంశపు చివరి దశాబ్దాలకు వచ్చేసరికి సిరా పరిశ్రమ పూర్తిగా ఆ దాచుకునేవాళ్ళనే ఉద్దేశించి నడిచింది. ఇప్పటి ఆన్‌హుయ్ రాష్ట్రంలోని హుయ్‌జౌ ప్రాంతం దీనికి కేంద్రం. అక్కడ ఫాంగ్ యూలు అనే తయారీదారు 1588లో తన సిరా బిళ్ళల నమూనాలను అచ్చు వేయించాడు. దాదాపు 380 బొమ్మలున్న పుస్తకమది. ఆయన పాత యజమాని, ఆ తర్వాత బద్ధశత్రువు అయిన ఛెంగ్ జున్‌ఫాంగ్ ఊరుకోలేదు. 1606 ప్రాంతంలో దాదాపు 500 నమూనాలతో ఇంకా పెద్ద పుస్తకం తెచ్చాడు. కాపాడినవాణ్ణే తినబోయిన విశ్వాసం లేని తోడేలు కథను కూడా అందులో చేర్చి ఫాంగ్‌ను దెప్పాడు. బీజింగ్‌లో జెసూయిట్ మిషనరీ మతియో రిచ్చీని కలిసి, ఆయన దగ్గరున్న నాలుగు క్రైస్తవ చిత్రాలను కూడా అందులో వేసుకున్నాడు. ఒక సిరా వ్యాపారి కేటలాగులో డ్రాగన్ల పక్కన మేరీమాత బొమ్మ ఉండడం వింతగా తోస్తుంది గానీ, పోటీలో గెలవాలంటే ఎదుటివాడి దగ్గర లేని బొమ్మ కావాలి, అంతే. ఈ పుస్తకాల కోసం బొమ్మలు వేసింది డింగ్ యున్‌పెంగ్ లాంటి పేరున్న చిత్రకారులు. సిరా ఎంత నల్లగా వస్తుందన్న ప్రశ్న వెనక్కి పోయి, బొమ్మ ఎంత బాగుందన్నది ముందుకొచ్చింది.

చింగ్ వంశ కాలంలో ఇది ఇంకో మెట్టెక్కింది. లక్క పెట్టెల్లో వరసలుగా అమర్చిన సెట్లు వచ్చాయి. వీణలు, ఘంటలు, జేడ్ చక్రాలు, పాత నాణేల ఆకారంలో సిరాలు చేశారు. హూ కైవెన్ (1742–1808) స్థాపించిన దుకాణం ఈ తరహా సరుకుకు ప్రసిద్ధి. ఇలాంటి సెట్‌లో ఒక్క కడ్డీ నూరినా మిగతావాటి వరస పాడవుతుంది, అందుకే ఎవరూ నూరరు. పనితనం చూస్తే చెక్కడపు కళకు పరాకాష్ఠే. సిరాగా మాత్రం అవి ఎప్పుడూ పుట్టనే లేదనాలి.

రాయి కథ దీనికి తిరగబడ్డది. ఇది అరగదు, తరగదు, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. అందుకే నాలుగింటిలో దీని చుట్టూ అల్లుకున్న అభిమానం వేరు. అన్నిటికన్నా పేరున్నది గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని జావోచింగ్ దగ్గర దొరికే డువాన్ రాయి. టాంగ్ రాజవంశ (618–907) కాలం నుంచి దీన్ని తవ్వుతున్నారు. అక్కడి పనివాళ్ళు దేవుళ్ళంత నేర్పరులనీ, ఆకాశం మీద నడిచి ఊదారంగు మేఘాలను కోస్తారనీ తొమ్మిదో శతాబ్దపు కవి లీ హ రాశాడు. అసలు పని మేఘాల మీద కాదు, నీళ్ళ కింద. మేలైన రాయి దొరికే పాత గనిలోకి నది నీరు ఊరుతుంది. చలికాలంలో నది తగ్గినప్పుడు లోపలి నీళ్ళు తోడిపోసి, వంగి పాకుతూ పోయే సొరంగాల్లో దీపాల వెలుగులో రాతిని కొట్టేవారు. ఊదా మేఘం వెనక ఉన్నది ఈ కూలి జనం.

మంచి రాయి అంటే ఏమిటి? పైకి పసిపాప చర్మంలా నున్నగా ఉన్నా, లోపల కంటికి కనపడని గరుకు ఉండాలి. మరీ నున్నగా ఉంటే కడ్డీ జారిపోతుంది, సిరా రాదు. మరీ గరుకైతే సిరా రవ్వలు రవ్వలుగా వస్తుంది, కుంచె మొన కూడా చెడిపోతుంది. రాయి నీటిని పీల్చుకోకూడదు, నూరిన సిరా గంటల తరబడి తడిగా నిలవాలి. మేలు డువాన్ రాతి మీద నోటితో ఆవిరి ఊదితే ఆ చెమ్మతోనే సిరా తీయవచ్చని పాతవాళ్ళ మాట.

ఈ రాతిలో అలంకారం ఎక్కడుంటుందో దగ్గరగా చూడాలి. మధ్యలో నూరే చదును, అది కిందికి వాలే చోట సిరా చేరే చిన్న గుంట. ఈ రెంటినీ చెక్కడం ముట్టుకోకూడదు. అంచు, గుంట ఒడ్డు, పక్కలు, అడుగుభాగం మాత్రమే చెక్కేవాడి రాజ్యం. డువాన్ రాతిలో అక్కడక్కడా లేత ఆకుపచ్చ చుక్కలుంటాయి. గుండ్రంగా, నడుమ నల్లగుడ్డుతో ఉంటాయి కాబట్టి వాటిని కళ్ళంటారు. గుడ్డు స్పష్టంగా ఉంటే బతికిన కన్ను, చెదిరితే ఏడ్చే కన్ను, అసలు లేకపోతే చచ్చిన కన్ను. నేర్పున్న చెక్కడంవాడు ఆ కన్ను గుంట పైన వచ్చేలా రాతిని కోసి, దాన్ని చందమామగా చూపి, చుట్టూ మబ్బులు చెక్కుతాడు. సోంగ్ కాలపు కొన్ని రాళ్ళకు అడుగుభాగం తొలిచి, కన్ను ఉన్న చోటల్లా ఒక చిన్న స్తంభం వదిలారు. తిరగేస్తే ప్రతి స్తంభం కొసనా ఒక కన్ను మనల్ని చూస్తుంది. నూరేటప్పుడు ఆ వైపు ఎవరికీ కనపడదు. అయినా అంత కష్టపడ్డారంటే, ఆ రాతిని చేతిలోకి తీసుకుని తిప్పి చూసే మనిషి ఉన్నాడని వాళ్ళకు తెలుసు.

ఈ మోజుకు గట్టిగా అడ్డం చెప్పినవాడు మీ ఫూ (1051–1107). గొప్ప దస్తూరీకారుడు, రాళ్ళంటే పిచ్చి ఉన్నవాడు. చక్రవర్తి హుయ్‌జోంగ్ ఎదుట రాసి చూపించి, అక్కడ వాడిన రాయి నచ్చి, సిరా కారుతుండగానే దాన్ని అంగీలో దోపుకున్నాడని ఆయన గురించి కథ ఉంది. రాళ్ళ మీద ఆయన రాసిన చిన్న గ్రంథంలో మాత్రం లెక్క చాలా కచ్చితం: సిరా బాగా తేల్చే గుణం మొదటిది, రంగు రెండోది, ఆకారపు పనితనం ఆ తర్వాత. నగిషీ సంగతికొస్తే, అది ప్రకృతి సహజంగా వచ్చినదే అయినా సరే, దానికోసం పోతే రాయి రాయిగా పనికిరాకుండా పోతుందని తేల్చేశాడు. తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకలేదు.

విలువ పెరిగిన చోట లంచం చేరుతుంది. 1040ల్లో బావో జంగ్ అనే అధికారి డువాన్ ప్రాంతానికి పాలకుడిగా వెళ్ళాడు. అతనికి ముందున్నవాళ్ళు రాజుగారి కప్పం పేరుతో కావలసినదానికి పదుల రెట్లు రాళ్ళు చేయించి, రాజధానిలో పెద్దవాళ్ళకు పంచిపెట్టేవారు. బావో జంగ్ కప్పానికి ఎన్ని కావాలో అన్నే చేయించాడు. పదవి ముగిశాక ఒక్క రాయి కూడా వెంట తీసుకెళ్ళలేదని సోంగ్ వంశ చరిత్ర రాసిపెట్టింది. నిజాయతీకి ఇంత చిన్న వస్తువును రుజువుగా చూపారంటే, దాని కోసం ఎంతమంది ఆశపడేవారో ఊహించుకోవచ్చు.

చెక్కేవాళ్ళ పేర్లు చరిత్రలో నిలవడం తక్కువ. అలా నిలిచినవాళ్ళలో గొప్ప పేరు ఒక స్త్రీది: పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో సుజౌ పట్టణంలో పని చేసిన గూ అర్‌నియాంగ్. చెప్పు కొసతో రాతిని తట్టి బాగోగులు చెప్పేసేదని ప్రతీతి. ఆమె సంతకంతో నకిలీలు విపరీతంగా పుట్టుకొచ్చాయి, అసలువి తేల్చడం ఇప్పటికీ తలనొప్పే. 1778లో చియాన్‌లోంగ్ చక్రవర్తి తన కొలువులోని 240 రాళ్ళకు బొమ్మలతో సహా జాబితా వేయించాడు. వాటిలో ఎన్నింటి మీదో తన పద్యాలు చెక్కించాడు. చక్రవర్తి సొంతం చేసుకున్న గుర్తు వేయడం ఆ కాలపు పద్ధతే కావచ్చు గానీ, కొన్ని రాళ్ళ మీద ఆ పద్యాలు చెక్కడంవాడు కావాలని వదిలిన ఖాళీని మింగేశాయి.

కుంచె దగ్గరికొస్తే కష్టమంతా వెంట్రుకల్లో, ఖర్చంతా కాడలో కనిపిస్తుంది. 1954లో చాంగ్‌షా దగ్గర బయటపడ్డ సమాధిలో రెండు వేల ఏళ్ళకు పైబడిన కుంచె దొరికింది. సన్నని వెదురు కాడకు కుందేలు వెంట్రుకలు చుట్టి, పట్టుదారంతో కట్టి, పైన లక్క పూశారు. తర్వాతి కాలంలో మేక, కుందేలు వెంట్రుకలు, ముంగిసను పోలిన వీజల్ అనే జంతువు తోక వెంట్రుకలు వాడుకలోకి వచ్చాయి. జెజియాంగ్ రాష్ట్రంలో హూజౌ దగ్గరి షాన్‌లియాన్ పట్టణం కుంచెలకు ప్రసిద్ధి. అక్కడ ఎక్కువగా ఆడవాళ్ళు నీటి తొట్టి ముందు కూర్చుని, తడి వెంట్రుకలను దువ్వెనతో దువ్వుతూ, మొన తెగినదాన్నీ తిరగబడ్డదాన్నీ ఏరేస్తారు. మొన సన్నగా, కొస సమంగా, పొట్ట గుండ్రంగా, వంగితే మళ్ళీ నిలిచేలా ఉండాలన్నవి మంచి కుంచెకు నాలుగు గుణాలు. వీటిలో ఒక్కటి కూడా కాడకు సంబంధించింది కాదు. అయితే వాన్‌లీ చక్రవర్తి కాలపు (1573–1620) పింగాణీ కాడలు చూడండి: అయిదు రంగుల్లో డ్రాగన్లు, అలలు, మబ్బులు. చూపు తిప్పుకోలేం. రాసేవాడికి మాత్రం ఆ బరువు మణికట్టుకు భారం. కాడ తేలికగా ఉండాలి, ఖరీదైన సరుకుతో చేస్తే చేయి మందగిస్తుందన్న హెచ్చరిక నాలుగో శతాబ్దపు మహా దస్తూరీకారుడు వాంగ్ షీజి పేరు మీద ప్రచారంలో ఉన్న పాత రచనలోనే ఉంది.

వాడిన కుంచె భద్రంగా మిగలడం అరుదు. ఒక గొప్ప ఉదాహరణ జపాన్‌లో ఉంది. 752లో నారా పట్టణంలోని తోదాయ్‌జి మహాబుద్ధ విగ్రహానికి కళ్ళు దిద్దింది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు అనే భిక్షువు. ఆ కుంచెకు దాదాపు 200 మీటర్ల నీలి పట్టుతాడు కట్టి, కింద ఉన్న భక్తులందరూ దాన్ని పట్టుకునేలా చేశారు. కుంచె, తాడు రెండూ షోసోయిన్ భాండాగారంలో నేటికీ ఉన్నాయి. విగ్రహానికి జీర్ణోద్ధరణ జరిగాక 1185లో మళ్ళీ అదే కుంచెతో కళ్ళు దిద్దారు.

కాగితాన్ని అలంకార వస్తువుగా తలుచుకోవడం కొంచెం కష్టం, కానీ ఉత్తరాల కాగితాలు ఆ కోవలోవే. టాంగ్ కాలపు కవయిత్రి షూ తావ్ చెంగ్‌డూలో చిన్న చిన్న ఎర్రని కాగితాల మీద పద్యాలు రాసి పంపేది, ఆ కాగితానికి ఆమె పేరే పడింది. 1644 ప్రాంతంలో నాన్‌జింగ్‌లో హూ జెంగ్‌యాన్ తెచ్చిన ఉత్తరాల కాగితాల సంపుటిలో కొన్నిచోట్ల రంగు వాడకుండా, కొయ్య అచ్చుతో గట్టిగా ఒత్తి పూలను ఉబ్బెత్తుగా తెప్పించారు. కంటితో చూస్తే చాలదు, వేలితో తడిమితే గానీ తృప్తి ఉండదు. ఇక మామూలు రాతకూ చిత్రానికీ వాడే షువాన్ కాగితం ఆన్‌హుయ్‌లోని జింగ్ జిల్లాది. ఒక జాతి చెట్టు బెరడు, వరిగడ్డి కొండవాలుల మీద ఎండకూ వానకూ ఆరేసి తెల్లబరుస్తారు, దానికే నెలలు పడుతుంది. ఆ పనితనానికి 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

నాలుగు నిధుల చుట్టూ చేరిన చిన్న సామాన్లే నిజానికి అలంకార కళకు అసలు ఆటస్థలం. కారణం సులువే: వాటికి పని తక్కువ, తీరిక ఎక్కువ. నీటి చుక్కల బుడ్డి తీసుకోండి. కప్ప ఆకారంలోనో, గేదె మీద కూర్చున్న పిల్లాడి ఆకారంలోనో ఉంటుంది. రెండు చిల్లులుంటాయి. ఒకదాన్ని వేలితో మూస్తే నీరు ఆగుతుంది, వేలు తీస్తే చుక్క పడుతుంది. నీరెక్కువైతే సిరా పలచబడుతుంది కాబట్టి ఈ ఏర్పాటు. కుంచెలు వాల్చే అయిదు శిఖరాల కొండలు, వెదురు బొంగుతో చేసిన కుంచెల పాత్రలు, మణికట్టు కింద పెట్టుకునే పలకలు, ఎర్ర ముద్ర పేస్టుకు డబ్బీలు. ఇప్పుడు షాంఘైలో భాగమైన జియాడింగ్‌లో జూ కుటుంబం మూడు తరాల పాటు వెదురు చెక్కింది. వేలెడు మందం కూడా లేని బొంగు గోడలో మనుషులు, చెట్లు, తెరలు ఒకదాని వెనక ఒకటి కనిపించేలా లోతు తెచ్చారు. జెంగ్‌డే చక్రవర్తి కాలపు (1506–1521) కుంచెలు వాల్చే నీలి పింగాణీ కొండ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని మీద పర్షియన్‌లో ‘కలం పెట్టుకునేది’ అన్న అర్థంతో రాత ఉంది. చైనా పండితుడి బల్ల ఎంత దూరం ప్రభావం తీసుకుందో చెప్పడానికి అదొక్కటి చాలు.

కుంచె కడుక్కునే గిన్నె మురికి నీళ్ళు పోసుకునేదే కదా. సోంగ్ కాలపు రూ అనే రకం పింగాణీలో చేసిన అలాంటి గిన్నె ఒకటి, 13 సెంటీమీటర్ల వెడల్పుది, 2017 అక్టోబరులో హాంకాంగ్ వేలంలో 29 కోట్ల 40 లక్షల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది. చైనా పింగాణీకి అప్పటిదాకా అదే రికార్డు. దాని మీద బొమ్మ లేదు, రాత లేదు. వాన వెలిసిన ఆకాశపు రంగు పూత, సన్నని పగుళ్ళు, పూత అడుగుదాకా పరుచుకోవాలని బట్టీలో చిన్న ముళ్ళ మీద నిలబెట్టినందుకు మిగిలిన నువ్వుగింజంత గుర్తులు, అంతే. మింగ్ చివర్లో వెన్ జెన్‌హెంగ్ (1585–1645) పండితుడి ఇంట్లో ఏది తగును, ఏది తగదు అని పెద్ద పట్టిక రాశాడు. నగిషీ ఎక్కువైన సామానంటే ఆయనకు పడదు. డబ్బున్న వ్యాపారులు పండితుల బల్లలను అనుకరిస్తున్న కాలమది. కాబట్టి ఆయన తీర్పుల్లో అభిరుచి ఎంతో, తన వర్గాన్ని వేరుగా నిలబెట్టుకోవాలన్న ఆరాటం కూడా అంతే ఉంది. ఆ మేరకు వాటిని జాగ్రత్తగా చదవాలి.

ఈ సమతూకాన్ని చివరికి చెడగొట్టింది సౌకర్యం. బీజింగ్‌లో 1865లో యిదెగ దుకాణం సీసా సిరా అమ్మడం మొదలుపెట్టింది. ప్రభుత్వ ఉద్యోగాల కోసం పరీక్షలు రాసేవాళ్ళకు కూర్చుని నూరే టైం మిగిలింది. 1905లో ఆ ప్రభుత్వ పరీక్షలే రద్దయ్యాయి. తర్వాత పెన్నులొచ్చాయి. దస్తూరీ నేర్చుకునే విద్యార్థులు ఇప్పుడు ఎక్కువగా సీసా సిరానే వాడతారు. కుంచె, కాగితం మాత్రం రోజూ చేతిలో నలుగుతూ బతికున్నాయి. రాయి, కడ్డీ కానుక పెట్టెల్లోకి జరిగాయి.

జావోచింగ్‌లో ఇప్పుడు అమ్మే పెద్ద రాళ్ళు చాలా వరకు ఈ మార్పుకు రుజువులు. బల్లంత రాతి మీద తొమ్మిది డ్రాగన్లు, కోటలు, దేవదారు వనాలు చెక్కుతారు, నూరే చదును అరచేతంత కూడా ఉండదు. వాటిలోని చేతి నైపుణ్యాన్ని తక్కువ చేయలేం. అవి శిల్పాలు, వాటిని శిల్పాలుగానే అమ్మితే ఏ పేచీ లేదు. సిరా రాయి అన్న పేరుతో అమ్మినప్పుడు మాత్రం మీ ఫూ కొలబద్దతో ఒక ప్రశ్న అడగక తప్పదు: ఇది సిరా బాగా తేలుస్తుందా?

పాత రాళ్ళ వ్యాపారంలో ఇంకో నష్టం జరుగుతోంది. తరాల తరబడి వాడిన రాతి గుంటలో సిరా పొరలు పొరలుగా గట్టిపడి, కడిగినా పోని నల్లని మచ్చగా నిలుస్తుంది. ఎండిన తామరకాయతో రాతిని రోజూ మెత్తగా కడిగిన పాత పండితులు కూడా ఆ మచ్చను గీకలేదు, దాన్ని గౌరవంగా చూశారు. ఇప్పుడు కొందరు అమ్మకందారులు ఫొటోలో రంగు, కళ్ళు బాగా కనపడాలని ఆ పొరను గీకి, మైనం పట్టించి మెరిపిస్తున్నారు. మైనం పట్టిన రాతి మీద కడ్డీ జారుతుంది. మచ్చ పోతే ఆ రాతి మీద ఎవరైనా ఎప్పుడైనా రాశారన్న ఆనవాలు కూడా పోతుంది. కొనేవాళ్ళు మెరుపు అడగడం మానేస్తే గానీ ఇది ఆగదు.